గరిట, రాట్నం

నవంబరు 3, సోమవారం

నిన్న నాకు మంగ్నీ అయింది. నిశ్చితార్థపు ఉంగరం కొంచెం బిగుతు.

ఈ డైరీ తెలుగులో రాస్తున్నాను. అమ్మీ ఉర్దూలో ఏది కనిపించినా చదివేస్తుంది, మందుల చీటీ కూడా వదలదు. తెలుగు మాత్రం ఆమెకు బస్సు బోర్డుల దాకానే. ఉదయగిరి ఉర్దూ బళ్లో రోజంతా పిల్లలకు అలిఫ్, బే దిద్దించే హీనా టీచరు ఇంటికొచ్చి తెలుగులో తిట్లు రాసుకుంటుందని ఎవరికి తోస్తుంది? తిట్లే రాస్తాను. అంత కోపంగా ఉంది.

పెళ్లికొడుకు పేరు ఆసిఫ్. ఆత్మకూరులో ప్రింటింగ్ ప్రెస్సు, ఉర్దూలోనూ తెలుగులోనూ శుభలేఖలు వేస్తాడు. నాకు తెలిసింది ఇంతే. చూపులకు వచ్చిన రోజు బిస్కెట్ల పళ్లెం మీద నుంచి కళ్లు ఎత్తలేదు. నిన్న మగవాళ్లంతా బయటి గదిలో, నేను లోపల. మామూ అతని చేతికి గడియారం పెట్టాడు. దాన్ని నెల్లూరులో ఎంచింది నేనే. ఆకుపచ్చ డయలు, అందులో చిన్న కిటికీ, కిటికీలో తిరిగే చందమామ. లోపలి చక్రాల కోసం ఎంచాను. పెట్టుకునేవాడికి ఆ సంగతి తెలిస్తే కదా.

కోపం అతని మీద కాదు, అమ్మీ మీద. ఆసిఫ్ వాళ్లమ్మ నా గదిలోకి వచ్చి, గోడవారన దొంతరగా పేర్చిన డబ్బాలు చూసి ఇవేంటని అడిగింది. ప్లాస్టిక్ ఇటుకలు, గేర్లు, ఇరుసులు, మోటార్లు. మూతల్లోంచి అన్నీ కనిపిస్తాయి, దాచేందుకు లేదు. అమ్మీ రెప్ప వేయకుండా, కలువాయిలో మా చెల్లెలి కొడుకు బొమ్మలండీ అనేసింది. నేను నోరు తెరిచేలోగా నా కాలు తొక్కింది.

నావి అవి. ఒక్కో ముక్కా ఏరి తెచ్చుకున్నవి. బిగిస్తే కదులుతాయి, తిరుగుతాయి, ఎత్తుతాయి, నడుస్తాయి. బళ్లో విసిగి వచ్చిన రోజు రెండు గేర్లు పళ్లు కలిపి తిప్పితే చాలు, నాకు మళ్లీ అన్నం సహిస్తుంది.

రాసి పెడుతున్నాను. ఆ డబ్బాలు నాతో రాకపోతే నేనూ పోను.

నవంబరు 4

అమ్మీతో మాట్లాడలేదు. మంగ్నీ బిర్యానీ మిగిలితే వేడి చేసి పెట్టింది. అది మాత్రం తిన్నాను.

నవంబరు 8, శనివారం

గ్రూపులో పెద్ద కబురు. డిసెంబరు 14, ఆదివారం, ఆత్మకూరులో అందరం కలవాలట.

గ్రూపంటే నాలాంటి పిచ్చివాళ్ల గ్రూపు. నెల్లూరు జోయల్ అన్న నడుపుతాడు. అక్కడ ఎవరికీ సొంత పేరు ఉండదు, మొదట కట్టిన యంత్రమే పేరు. నేను మొదట కట్టింది, చక్కెర డబ్బాలో మునిగి లేచి టీ గ్లాసులోకి ఒంపే గరిట. అందుకని నేను గరిట. ఆడా మగా అని ఎవరూ అడగలేదు, నేను చెప్పలేదు. అందరూ గరిట బ్రో అంటారు. బాగానే ఉంది. బ్రోతో జనం గట్టిగా వాదిస్తారు, ఆడపిల్ల అంటే వెంటనే ఒప్పేసుకుంటారు.

ఈసారి బంతుల గొలుసు కడతారు. ఒక్కొక్కరు ఒక యంత్రం తేవాలి. మన తొట్టిలో బంతులు పడతాయి. మన యంత్రం వాటిని ఎలాగో ఎత్తి పక్కవాళ్ల తొట్టిలో పోయాలి. వాళ్లది ఆ పక్కవాళ్లకు. తొట్టి వెడల్పు, ఎత్తు, బంతి కొలత, అన్నీ జోయల్ అన్న పంపాడు. జిగురు పెట్టకూడదు, ముక్క కోయకూడదు.

చదువుతుండగానే నాకు తట్టింది. గరిటెల మెట్లు. కింది గరిట పైకి లేచి పై గరిటలో ఒంపుతుంది, అది ఆ పైదానిలో. బళ్లో మిగిలిన చార్టు వెనక గీసేశాను. కుడి చివర తొట్టి, ఎడమ చివర జారుడు, మధ్యలో గరిటెలు. చెయ్యి ఆగలేదు.

నానీకి చూపించాను. నానీ సుగ్రాబీ అమ్మీకి తల్లి, ఊళ్లో అందరికీ గరిటెల సుగ్రాబీ. నర్ది కర్రతో చెక్క గరిటెలు చెక్కి చెక్కి బతికింది. ఇప్పుడు చేతుల్లో బలం తగ్గిందని చెక్కడం మానేసింది, సలహాలు మానలేదు. గరిట బుర్ర లోతు చాలదు, పెంచమంది. పెంచాను. బంతి లోపలికి పోయింది, బయటికి రానంది. చెబితే, తప్పు బంతిదే అంది.

నవంబరు 12

గ్రూపులో రాట్నం అని ఒకడున్నాడు. ఆత్మకూరు వాడే. ఎప్పుడో రంగులరాట్నం కట్టి ఆ పేరు తెచ్చుకున్నాడు. రెండేళ్లుగా నేను ఏది పెట్టినా ముందు తప్పు పట్టేది అతనే.

ఇవాళ నా మోటారు అమరిక ఫోటో పెట్టాను. వార్మ్ గేరు పెట్టాను, మరమేకులా ఉంటుంది. అది ఒక చుట్టు తిరిగితే పక్క గేరు ఒక్క పన్ను జరుగుతుంది. వేగం తగ్గుతుంది, బలం పెరుగుతుంది. రాట్నం వెంటనే దిగాడు. దానితో సగం బలం రాపిడికే పోతుంది బ్రో, చిన్న గేరు, పెద్ద గేరు జతలు రెండు పెట్టుకో అన్నాడు. నీ జతలు మోటారు ఆగగానే వెనక్కి తిరుగుతాయి, నా గరిటెలన్నీ బంతులతో సహా కూలబడతాయి, వార్మ్ వెనక్కి తిరగదు అన్నాను. కరెంటు పోతే కదా ఆగేది అన్నాడు. మీ ఆత్మకూరులో పోదా అన్నాను.

నవ్వు బొమ్మలతో గ్రూపు నిండిపోయింది. అతను కూడా ఒకటి పెట్టాడు.

సాయంత్రమంతా సంతోషంగా ఉంది. గెలిచినందుకే.

నవంబరు 13

ఇవాళ గ్రూపు చూడలేదు. రాట్నం ఏం పెట్టాడో నాకు తెలియదు. మధ్యాహ్నం పొడవాటి ఇరుసు మెలి తిరిగిపోతోందని ఏదో పెట్టాడు, అది కూడా చూడలేదు.

నవంబరు 16, ఆదివారం

నాలుగు గరిటెలు లేస్తున్నాయి, ఒంపుతున్నాయి. ఆ శబ్దం వినాలి. టక్, టక్, టక్. లారీ తోలే మా నాన్న, అబ్బా, ఇంటికొచ్చి స్నానం కూడా మాని చూస్తూ కూర్చున్నాడు.

ఒకటే తంటా. మొదటి గరిటలోకి ఒకేసారి రెండు బంతులు దూరుతున్నాయి, అంతా బిగుసుకుపోతోంది. వీడియో పెట్టాను, గరిటెల వరకే. రాట్నం, తొట్టి మూతి దగ్గర చిన్న నాలుక పెట్టు, గరిట లేచేటప్పుడు అది మూతిని మూసెయ్యాలి అన్నాడు. అది పనిచేయదని నిరూపించడానికే కట్టాను. పనిచేసింది. గ్రూపులో మాత్రం, వేరే దారి దొరికింది అని రాశాను.

నవంబరు 21, శుక్రవారం

చెయ్యి ఆడడం లేదు.

రాట్నం తన యంత్రం ఫోటో పెట్టాడు. పెద్ద చక్రం, చుట్టూ వేలాడే చిన్న కుండలు, ఒక్కో కుండలో ఒక్కో బంతి. చక్రం తిరిగినా కుండ నిటారుగానే ఉంటుంది. చాలా బాగుంది, ఇక్కడ రాస్తున్నాను కాబట్టి ఒప్పుకుంటున్నాను. చక్రం మధ్యలో పిన్ను చూపిస్తూ అతని చెయ్యి కూడా ఫోటోలో పడింది. గోళ్ల సందుల్లో ప్రెస్సు సిరా.

మణికట్టుకు ఆకుపచ్చ డయలు. కిటికీలో చందమామ.

నవంబరు 22

అతనే. పది సార్లు పెద్దది చేసి చూశాను. గడియారం అద్దం మీద మామూ చూపించి ధర తగ్గించుకున్న గీత కూడా ఉంది.

బిస్కెట్ల పళ్లెం వైపు చూసిన మనిషి రాట్నం. రెండేళ్లు నేను తిట్టిన మనిషి రాట్నం. బళ్లో మూడో తరగతి పిల్లలు, టీచరమ్మా ఎందుకు నవ్వుతా ఉండారు అని అడిగారు. నవ్వడం లేదని చెప్పి గోడ వైపు తిరిగి నవ్వుకున్నాను.

నవంబరు 25

వాన. బడికి సెలవు. ఉదయం కూడా నవ్వుతూనే లేచాను. మధ్యాహ్నం రాట్నం గ్రూపులో ఇది పెట్టాడు: మీట్ అయిపోయాక నా సామానంతా ఇచ్చేస్తున్నా. జనవరిలో పెళ్లి. కావాలంటే చెప్పండి.

గంట తిరక్కుండా కావలి వాడెవడో అంతా నాకే అన్నాడు. మీట్ అయ్యాక పెట్టెలు నేనే తీసుకెళ్లి అతనికి చేరుస్తానని జోయల్ అన్న మాటిచ్చాడు.

నవంబరు 26

నన్నడిగాడా? నా పేరు చెప్పి చక్రాలు పంచిపెట్టడానికి ఇతనెవరు? నేనెప్పుడు ఇచ్చెయ్యమన్నాను? ఎవరి కోసం ఈ త్యాగం? వచ్చేది టీచరు, బెత్తం పట్టుకుని వస్తుందనుకున్నాడేమో. వస్తాను, అలాగే వస్తాను.

అన్నంలో ఉప్పు రెండుసార్లు వేశాను. అమ్మీ ఏమైందని అడిగింది. ఏం కాలేదన్నాను.

నవంబరు 28

ఉండబట్టలేక గరిట పేరుతోనే అతనికి విడిగా రాశాను. పెళ్లికూతురు వద్దనిందా అని అడిగాను. వెంటనే జవాబిచ్చాడు:

"ఆమెతో మాట్లాడలేదు బ్రో. మా అమ్మ వాళ్లింటికి పోయినప్పుడు చూసొచ్చింది. గేర్లు, ఇటుకల డబ్బాలు ఉండాయంట, చిన్నపిల్లోడి బొమ్మలని చెప్పినారంట. ఇవన్నీ పిల్లోళ్ల ఆటలనుకునే ఇంటికి నేను అల్లుణ్ణి. ఆమె ముందర నేల మీద కూర్చోని గేర్లు తిప్పతా ఉంటే ఏమనుకుంటాది? నాకు నామోషీ కాదు. ఆమెకు నామోషీ."

అమ్మీ, నీ ఒక్క అబద్ధం ఎంత దూరం పోయిందో చూశావా.

ఆ డబ్బాలు నావే అని టైపు చేశాను. తుడిచేశాను. మళ్లీ టైపు చేశాను. మళ్లీ తుడిచాను. నిఖా దాకా అబ్బాయితో మాట్లాడనని, ఎదురుపడనని అమ్మీ చేతిలో చెయ్యేసి మాటిచ్చాను. మా ఇంట్లో అది ఇప్పటికీ కచ్చితం. కానీ అదొక్కటే కాదు. భయం వేసింది. బ్రో అనుకుని రెండేళ్లు మనసువిప్పి మాట్లాడాడు. ఆ బ్రో నేనేనని తెలిశాక అతను నవ్వకపోతే? మోసం చేసిందనుకుంటే?

ఆలోచించుకో బ్రో, అని మాత్రం పంపాను. సిగ్గుగా ఉంది.

నవంబరు 30, ఆదివారం

నానీకి అంతా చెప్పేశాను. గడియారం, రాట్నం, కావలి వాడు, అన్నీ. మధ్యలో ఏడుపు వచ్చింది, అది కూడా కానిచ్చాను. నానీ చెంగుతో నా ముక్కు తుడిచి, మామూలుగా ఉర్దూలో మాట్లాడే మనిషి, సంతలో బేరం కుదిర్చేటప్పటి తెలుగులోకి దిగింది.

"వాడేమో తనవి ఎవరికో ఇచ్చేస్తాడు. మీయమ్మేమో నీవి ఆ కలువాయి పిల్లోడికి ఇచ్చేద్దామని చూస్తా ఉండాది. పెళ్లయినాక ఇద్దరూ ఏం చేస్తారే? ఒకరి మొహం ఒకరు చూసుకుంటా కూర్చుంటారా?"

అమ్మీ ఆలోచన నాకు అప్పుడే తెలిసింది. అబద్ధం బయటపడకుండా దాన్ని నిజం చేసేస్తోందన్నమాట. మా పిన్నికి ఫోన్ కూడా చేసేసిందట. డిసెంబరు పదిహేనున పిన్ని వచ్చి డబ్బాలు తీసుకుపోతుంది.

అంటే పద్నాలుగున అతనివి పోతాయి, పదిహేనున నావి.

డిసెంబరు 1

అమ్మీతో పోట్లాడాను. గట్టిగా. పక్కింటి వాళ్ల కోడి కూడా అరవడం ఆపింది. అమ్మీ ఉర్దూలో తిట్టిన తిట్లు తెలుగులో రాస్తే బలం తగ్గుతుంది, వదిలేస్తున్నాను. కడకు ఆమె కూడా ఏడ్చింది. మొదటిసారి వచ్చిన వియ్యపురాలి ముందు నోరు జారాను, ఇప్పుడు కాదంటే అబద్ధాల ఇల్లంటారు, నీ సంసారానికే నష్టం అంది. ఆమె భయం నాకు అర్థమైంది. అర్థమైతే కోపం ఇంకా పెరిగింది, ఎవరి మీద చూపించాలో తెలియక.

డిసెంబరు 6

ఆరు గరిటెలు. ఒక్క బంతి కూడా జారడం లేదు. చూపించాలంటే ఎవరూ లేరు. గ్రూపులో పెట్టలేదు.

నానీ కంట్లో ఉన్నట్టుండి ఏదో మసక వచ్చింది. పద్నాలుగో తారీకు ఆదివారం ఆత్మకూరులో కంటి డాక్టరుకు చూపించుకోవాలట, హీనా తోడు రావాలట. నానీ కళ్లు నాకంటే బాగుంటాయి. సూదిలో దారం ఇప్పటికీ ఆమే ఎక్కిస్తుంది.

మాటిచ్చానే అన్నాను. మాట్లాడనన్నావు, ఎదురుపడనన్నావు, అంతే కదా, మొహం కప్పుకుని రా, ఎదురుపడేది బురఖా, మాట్లాడేది గరిట, నువ్వు కాదు అంది. ఈమె వకీలు కావలసిన మనిషి.

డిసెంబరు 13

సర్దాను. యంత్రం రెండు ముక్కలుగా, పాత చీర చుట్టి, అట్టపెట్టెలో. నానీ పాత రిపోర్టులంటే అమ్మీ నమ్మేసింది. అంత పెద్ద రిపోర్టులా అని అబ్బా అడిగాడు, నానీ చూసిన చూపుకు ఊరుకున్నాడు.

డిసెంబరు 15, సోమవారం

నిన్నటిది నిన్న రాయలేకపోయాను. ఒళ్లంతా మోటారులా ఉంది, ఆగడం లేదు. ఇప్పుడు నెమ్మదిగా రాస్తాను, ఒక్కటి కూడా పోకుండా.

ఉదయం బస్సులో సీటు దొరికింది. పెట్టె ఒళ్లో పెట్టుకున్నాను. గుంత వచ్చినప్పుడల్లా నానీ బిస్మిల్లా అంది, పెట్టె కోసం. ఆత్మకూరులో ఒక ట్యూషన్ సెంటరు హాల్లో బెంచీలు కలిపి పొడుగ్గా వేశారు. పన్నెండు మంది దాకా వచ్చారు, నెల్లూరు, కావలి, జలదంకి నుంచి. అందరూ మగవాళ్లే. జోయల్ అన్న పలకరిస్తే నేను గరిటనని చెప్పాను. తర్వాత ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు, అందరూ కొట్టారు. జోయల్ అన్న రెండేళ్లుగా నన్ను ఎన్నిసార్లు రా, ఒరే అన్నాడో లెక్కేసుకుని చెవులు పట్టుకున్నాడు. ఆసిఫ్ ఇంకా రాలేదు. ప్రెస్సులో అర్జెంటు పనట.

నా యంత్రం బెంచీ మీద పెట్టాను. జోయల్ అన్న దాన్ని చూశాడు, పక్కదాన్ని చూశాడు, మళ్లీ నాది చూశాడు.

అందరి యంత్రాలకూ తొట్టి ఎడమ చివర ఉంది, బంతులు కుడికి పోతున్నాయి. నాదానికి తొట్టి కుడి చివర, బంతులు ఎడమకు. పక్క యంత్రం జారుడూ నా జారుడూ ఎదురెదురుగా నిలబడి ఒకదాని మీద ఒకటి బంతులు ఉమ్ముకునేలా ఉన్నాయి. తిప్పి పెడితే గరిటెలు గోడ వైపు, మోటారు జనం వైపు. ఇటునుంచి మొదలుపెట్టాలని ఎక్కడా రాయలేదు కదా అన్నాను. రాయలేదక్కా, ఎవరైనా ఎడమ నుంచే కదా మొదలుపెట్టేది అని ఊరుకున్నా అన్నాడు పాపం.

నేను రోజూ బోర్డు మీద కుడి నుంచే మొదలుపెడతాను. పుస్తకం అటు నుంచే తెరుస్తాను. ఇందులో ఆలోచించేది ఏముందని, అసలు ఆలోచించనే లేదు.

గొలుసులో నాకు చోటు లేదు. ఇన్ని వారాల పని. నవ్వినవాళ్లు ఎవరూ లేరు, అదే ఇంకా కష్టంగా ఉంది. అందరూ ఫర్వాలేదక్కా అంటున్నారు. ఇంటికి పోదామని నానీ కోసం చూశాను. నానీ కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని ఎవరో ఇచ్చిన మిరపకాయ బజ్జీ తింటోంది.

అప్పుడే ఆసిఫ్ వచ్చాడు. ఒక చేత్తో రాట్నం, వెనక ఆటో అతను మోసుకొస్తున్న నాలుగు పెట్టెలు, వాటికి అడ్డంగా నిలువుగా ప్రెస్సు టేపు. ఆలస్యమైనందుకు అందరికీ క్షమాపణ చెప్పుకుంటూ రాట్నాన్ని గొలుసు చివర పెట్టాడు. జోయల్ అన్న దాన్ని చూసి తల పట్టుకుని బెంచీ మీద కూర్చుండిపోయాడు.

రాట్నం తొట్టి కుడి చివర ఉంది.

నవ్వాగలేదు నాకు. నఖాబు లోపల కళ్లలో నీళ్లు వచ్చేలా నవ్వాను. శుభలేఖలు ఉర్దూలో కూర్చేవాడు కదా, ఆ చెయ్యి కూడా అటు నుంచే మొదలుపెట్టింది. ఎడమ నుంచే ఎందుకని అతను జోయల్ అన్నతో వాదన పెట్టుకున్నాడు, నేను వాదించినట్టే, అవే మాటలు. ఇంకొకళ్లు కూడా ఉండారు మీలాగే అని జోయల్ అన్న నన్ను చూపించి, మూల బెంచీ మా ఇద్దరికీ వదిలేశాడు.

బెంచీకి అటు అతను, ఇటు నేను. గరిట బ్రో మీరేనా అని అడిగాడు, చూపు మాత్రం నా యంత్రం మీదే. వంగి నాలుక చూశాడు, తొట్టి మూతి దగ్గరిది. అది తను చెప్పిందేనని గుర్తుపట్టాడు. గుర్తుపట్టి ఏమీ అనలేదు. ఆ ఒక్కదానికి అతని మీద నాకున్న కోపం సగం పోయింది.

నా ఎడమ చివర బంతి అతని తొట్టిలో పడేలా రెండూ పక్కపక్కన పెట్టాం. గరిటెలు ఎత్తాయి, రాట్నం తిప్పింది, బంతులు రాట్నం చివరికి వచ్చి నేల మీద పడి హాలంతా దొర్లాయి. ఏరి మళ్లీ పోశాం. మళ్లీ దొర్లాయి. అప్పుడు నాకు తట్టింది. మీది అటు తిప్పి, వీపులు ఆనించి పెట్టండి అన్నాను. అలా పెడితే నా చివర అతని మొదలు అవుతుంది, అతని చివర నా మొదలు. అతను ఒక్క క్షణం చేత్తో గాల్లో గీసి చూసుకున్నాడు. కళ్లు ఇంతింతయ్యాయి. రెండు మూలలకూ వంపు జారుళ్లు రెండు కావాలన్నాడు. నా దగ్గర లేవు.

"ఆ పెట్టెల్లో ఉండేవేంది?" అన్నాను.

"వంపు ముక్కలు దాంట్లోనే ఉండాయి. కానీ అవి నావి కావు ఇప్పుడు. సాయంత్రం జోయల్ అన్న తీసకపోతాడు."

"ఎందుకిచ్చేసినారు?"

"చెప్పినా కదా మీకు. పెళ్లి."

"ఆమెనడిగినారా?"

"మాట్లాడకూడదంట."

"అడక్కుండా ఆమెకు నామోషీ అని ఎట్ట చెప్తారు? ఆమె మీ ఇంటికొచ్చేది ఖాళీ గోడలు చూడనీకా?"

నా గొంతు పెద్దదయింది. అతను తలెత్తాడు, మొదటిసారి. ఏదో అనబోయాడు, అంతలో అతని చూపు నా భుజం మీదుగా కిటికీ దగ్గరికి పోయింది. అక్కడే ఆగిపోయింది. మంగ్నీ రోజు అతని నోట్లో చక్కెర పెట్టింది నానీయే. అతను నానీని చూశాడు. నన్ను చూశాడు. గరిటెలు చూశాడు. నవ్వు, దయచేసి నవ్వు అనుకున్నాను.

"ఆ డబ్బాలు..." అన్నాడు.

"నావే. ఆరేళ్ల నుంచి నావే. మా పిన్ని కొడుక్కి క్రికెట్ తప్ప ఏమీ రాదు."

అతను నవ్వలేదు. కుర్చీ లాక్కుని కూలబడి, రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. నా ప్రాణం పోయింది. చేతులు తీశాక చూస్తే, నవ్వు ఆపుకోలేక కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. మీ ఆత్మకూరులో కరెంటు పోదా అని నన్ను అడిగింది మీరా అన్నాడు. అవునన్నాను. మళ్లీ నవ్వాడు. లేచి నానీ దగ్గరికి పోయి సలాం చేశాడు. నానీ బజ్జీ చేతులతోనే దీవించింది.

"పెట్టె తెరువు నాయనా. బంతులన్నీ కింద పడిపోతా ఉండాయి."

ఆటో తాళం చెవి అడిగి తీసుకుని టేపు బరబరా చింపేశాడు. నాలుగింటికీ చింపాడు, మొదటి పెట్టెలోనే ముక్కలు దొరికినా. జోయల్ అన్న వచ్చి చూసి, ఏమీ అడక్కుండా కావలి అతన్ని పక్కకు పిలిచి మాట్లాడాడు. అతను మంచివాడు, పెళ్లికి పిలిస్తే చాలన్నాడు.

వంపులు బిగించాం. మోటార్లు వేశాం. బంతి నా తొట్టిలోంచి గరిటెలు ఎక్కి, మూల తిరిగి, అతని కుండలో కూర్చుని, చక్రమంతా చుట్టి, ఈ మూల తిరిగి నా తొట్టిలో పడింది. దాని వెనక ఇంకొకటి. ఎవరూ ఎత్తి పోయనక్కర్లేదు. అటు పెద్ద గొలుసు ఎక్కడో చోట ఆగుతూనే ఉంది, ఎవరో ఒకరు పరుగెత్తుతున్నారు. మాది మాత్రం మధ్యాహ్నం అన్నాల దాకా ఆగలేదు. అందరూ వచ్చి మా మూలలో నిలబడ్డారు.

అతను వంగి నా మోటారు చూశాడు. తర్వాత, ఏమైనా ఆ వార్మ్ గేరు బలం తినేస్తా ఉండాది అన్నాడు. అక్కడి నుంచి బస్సు టైము దాకా వాదించుకున్నాం. మొహం మాత్రం చూపించలేదు. మాటంటే మాటే.

డిసెంబరు 15, సాయంత్రం

పిన్ని కలువాయి నుంచి వచ్చింది. డబ్బాలు తీసి వాకిట్లో పెట్టింది అమ్మీ. ఎలా మొదలుపెట్టాలా అని నేను డబ్బాలకు అడ్డంగా నిలబడితే ఫోన్ మోగింది. ఆసిఫ్ వాళ్లమ్మ. అమ్మీ లేచి నిలబడి మాట్లాడింది. నాకు ఒక వైపే వినిపించింది. హా జీ. హా జీ. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత మళ్లీ హా జీ, కానీ గొంతు వేరే.

ఫోన్ పెట్టి అమ్మీ అరుగు మీద కూర్చుంది. వాళ్లకు అంతా తెలిసిపోయిందట. ఆసిఫ్ రాత్రి భోజనాల దగ్గర చెప్పేశాడట, గంటసేపు, గేరు గేరూ విడమరిచి. ఆమె అమ్మీని ఒక్క మాట అనలేదు. నా కొడుకు ఇంట్లో ఇన్ని మాటలు మాట్లాడింది ఇదే మొదలు, అందట. మా ఇంట్లో కూడా ఎవరైనా అడిగితే అన్నకొడుకు బొమ్మలనే చెప్తా ఉంటా, మీరేం మొహమాట పడొద్దు, అందట.

అమ్మీ చాలాసేపు నన్నే చూసింది. కంటి డాక్టరు ఏమన్నాడని నానీని అడిగింది. కనపడుతోందన్నాడు, అంది నానీ. అమ్మీ నవ్వింది. నేను పోయి ఆమె మెడ పట్టుకున్నాను, చాలా రోజుల తర్వాత. పిన్ని ఖాళీ చేతులతో పోకూడదని అమ్మీ ఒక క్రికెట్ బ్యాటు కొనిచ్చి పంపింది.

డిసెంబరు 17

ఏమీ రాయాలని లేదు. బాగున్నాను.

డిసెంబరు 21, ఆదివారం

ప్రెస్సు వెనక గది ఖాళీ చేయిస్తున్నాడట. గ్రూపులోనే పెట్టాడు, అందరూ చూసేలా. మన టేబులు ఎంత పొడుగు పెట్టిద్దాం, వడ్రంగి కొలత అడుగుతా ఉన్నాడు, అని.

మన అనే మాటను కాసేపు చూస్తూ ఉండిపోయాను. గ్రూపంతా తలా ఒక కొలత చెప్పారు. ఎనిమిది అడుగులన్నారు, పదన్నారు. జోయల్ అన్న ఏకంగా ఒక నక్షా గీసి పంపాడు.

నేను ఇలా రాశాను: పొడుగు మీ ఇష్టం. గోడకు ఆనించొద్దు. అటొకరు, ఇటొకరు నిలబడాలి.

సరే అన్నాడు. ఒక్క మాట కూడా ఎదురు చెప్పలేదు. రెండేళ్లలో ఇదే మొదటిసారి, నాకు అనుమానంగా ఉంది.